యోనా పేరు మోస్తున్న గుట్ట

హీబ్రూ భాషలో పావురమని అర్థమిచ్చే ఒక పేరు, ఆ పేరున్న మనిషిని నెత్తిన పెట్టుకున్న శత్రువుల ఊరు, మూడు మతాలు మొక్కిన మోసుల్ మట్టిదిబ్బ మీద ప్రత్యేక కథనం

టైగ్రిస్ నదికి పడమటి ఒడ్డున మోసుల్ పాత పట్నం ఉంటుంది. వంతెన దాటి తూర్పు ఒడ్డుకొస్తే ఇళ్లు, దుకాణాల నడుమ రెండు పెద్ద మట్టిదిబ్బలు కనబడతాయి. ఉత్తరాన ఉన్నది కుయుంజిక్, దక్షిణాన ఉన్నది నబీ యూనుస్. రెంటి మధ్యగా ఖోస్ర్ అనే ఏరు పారి టైగ్రిస్‌లో కలుస్తుంది. ఈ దిబ్బల్నీ, వాటి చుట్టూ ఉన్న సుమారు 1,850 ఎకరాల నేలనూ కలుపుతూ ఒకప్పుడు 12 కిలోమీటర్ల ప్రాకారం ఉండేది. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో లోకంలోని అతి పెద్ద నగరాల్లో ఇదొకటి. అస్సిరియా సామ్రాజ్యపు రాజధాని నీనెవె ఇదే.

ఈ ఊరిని ఏలినవాళ్లు సామాన్యులు కారు. సన్హెరీబు, ఏసర్హద్దోను, అషూర్‌బనిపాల్ పేర్లు వింటేనే చుట్టుపక్కల రాజ్యాలు వణికేవి. అంతటి చక్రవర్తుల్లో ఒక్కరి పేరూ దక్షిణపు గుట్టకు మిగల్లేదు. మిగిలింది అస్సిరియా తొక్కేసిన ఒక చిన్న రాజ్యానికి చెందిన పల్లెటూరి మనిషి పేరు. అరబ్బీలో నబీ అంటే ప్రవక్త. యూనుస్ అంటే మన తెలుగు బైబిల్లోని యోనా.

పేరులోని పావురం

హీబ్రూలో యోనా అంటే పావురం. జలప్రళయం తర్వాత నోవహు ఓడలోంచి ఎగిరి వెళ్లి ఒలీవ ఆకును ముక్కున కరుచుకొచ్చిన పక్షికి మూలంలో వాడిన మాట ఇదే. పరమగీతంలో ప్రియుడు ప్రియురాలిని పిలిచేదీ ఈ మాటతోనే. 55వ కీర్తనలో కష్టాల్లో ఉన్న భక్తుడు దూరంగా ఎగిరిపోవడానికి పావురం రెక్కలు కావాలని కోరుకుంటాడు. హోషేయ ప్రవక్త మాత్రం ఈ పక్షిని మెచ్చుకోలేదు. ఒకసారి ఈజిప్టు వైపు, మరోసారి అస్సిరియా వైపు పరుగులు తీసే తన జాతిని బుద్ధిలేని పావురంతో పోల్చాడు. అదే హోషేయ తర్వాతి అధ్యాయాల్లో, అస్సిరియా నుంచి తిరిగొచ్చే తన జనాన్నీ పావురంతోనే పోల్చాడు.

అంటే ఈ ఒక్క పేరులో శాంతి కబురు ఉంది, ప్రేమ ఉంది, పారిపోవాలన్న ఆరాటం ఉంది, తెలివితక్కువతనమూ ఉంది. యోనా కథ తెలిసినవాళ్లకు ఈ నాలుగూ ఆ మనిషిలో కనిపిస్తాయి. తండ్రి పేరు అమిత్తయి. అది హీబ్రూలో సత్యమనే మాట నుంచి వచ్చింది. ఈ తండ్రీకొడుకుల ప్రస్తావన రెండవ రాజుల గ్రంథం 14వ అధ్యాయంలోనూ ఉంది. ఊరు గలిలయ ప్రాంతపు గత్హేపెరు. కాలం క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం, ఇశ్రాయేలును రెండో యరొబాము ఏలిన రోజులు.

హీబ్రూలో ఇవే అక్షరాలతో రాసే మరో మాట ఉంది. దాని అర్థం పీడించేది అని. జెఫన్యా గ్రంథం మూడో అధ్యాయం మొదట్లో ఒక నగరాన్ని దూషించడానికి ఆ మాట వాడారు. సరిగ్గా దానికి ముందున్న వచనాలు చెప్పేది నీనెవె పాడుబడిపోవడం గురించే. గ్రీకులోకి అనువదించినవాళ్లు ఆ మాటను పావురమనే అనుకుని అలాగే రాసేశారు. పీడించే నగరం, పావురం పేరున్న ప్రవక్త ఇంత దగ్గరదగ్గరగా నిలవడం హీబ్రూ చదువరుల చెవికి తప్పక తగులుతుంది.

ఈ పేరు ఊళ్లు దాటుతూ రూపాలు మార్చుకుంది. గ్రీకులో చివర ‘స్’ చేరి ఇయోనాస్ అయింది. లాటిన్‌లో, జర్మన్‌లో యోనాస్, ఇంగ్లిష్‌లో జోనా, ఇటలీలో జోనా, సిరియాక్‌లో యోనాన్, అరబ్బీలో యూనుస్. టర్కీ భాషలో యూనుస్ అంటే మనిషి పేరే కాదు, డాల్ఫిన్ కూడా. పదమూడో శతాబ్దపు టర్కీ కవి యూనుస్ ఎమ్రే, పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్, 2006లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న బంగ్లాదేశ్ ఆర్థికవేత్త ముహమ్మద్ యూనుస్, అందరిదీ ఒకే పేరు. నేటి ఇజ్రాయెల్‌లో ఆడవాళ్లకూ యోనా అని పేరు పెడతారు.

మన దగ్గర తరచూ కలగలిసిపోయే మూడు పేర్లను ఇక్కడే విడదీసి చూడాలి. యోనా వేరు, యోనాతాను వేరు, యోహాను వేరు. యోనాతాను అంటే దేవుడు ఇచ్చినవాడు. యోహాను అంటే దేవుడు కరుణించాడని. ఆ రెండు పేర్లలో దేవుని నామం ఇమిడి ఉంది. యోనాలో మాత్రం ఉన్నది ఒక పక్షి మాత్రమే.

పారిపోవడానికి కారణం

యోనా గ్రంథం చాలా చిన్నది. 4 అధ్యాయాలు, 48 వచనాలు. నీనెవెకు వెళ్లి హెచ్చరించమని దేవుడు చెబుతాడు. తూర్పుకు వెళ్లాల్సిన మనిషి పడమటి దారి పట్టి, యొప్పే రేవులో తర్షీషుకు పోయే ఓడెక్కుతాడు. తుపాను వస్తుంది, చీట్లు వేస్తారు, యోనా పేరు వస్తుంది. తనను సముద్రంలో పడేయమని అతనే చెబుతాడు. ఓడవాళ్లు అన్యులైనా అతణ్ని కాపాడాలని చేతనైనంతా తెడ్లు వేసి, ఇక గత్యంతరం లేకే పడేస్తారు. మూలంలో ఉన్నది పెద్ద చేప అని మాత్రమే. తిమింగలమన్నది తర్వాతివాళ్ల ఊహ. మూడు పగళ్లు, మూడు రాత్రుల తర్వాత ఒడ్డునపడ్డ యోనా ఈసారి నీనెవెకు వెళ్తాడు. 40 రోజుల్లో ఊరు నాశనమవుతుందని చాటుతాడు. ఊరు ఊరంతా వింటుంది. రాజు సింహాసనం దిగి గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుంటాడు. పశువులకూ మేత, నీళ్లు మాన్పిస్తారు. దేవుడు మనసు మార్చుకుంటాడు. ఊరు బతుకుతుంది. యోనాకు ఒళ్లు మండుతుంది.

ఆ కోపం అర్థం కావాలంటే నీనెవె రాజభవనాల గోడలు చూడాలి. కుయుంజిక్ దిబ్బలో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆస్టిన్ హెన్రీ లేయర్డ్ 1840ల్లో తవ్వించిన సన్హెరీబు భవనంలో ఒక గది నిండా లాకీషు ముట్టడి శిల్పాలు బయటపడ్డాయి. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లాకీషు యూదా రాజ్యంలోని కోట పట్నం. క్రీస్తుపూర్వం 701లో అస్సిరియా సైన్యం దాన్ని పట్టుకుంది. రాతి పలకల మీద గోడల్ని పగలగొట్టే యంత్రాలు ఏటవాలు దారిపైకి ఎక్కుతుంటాయి. పట్టుబడ్డ మనుషుల్ని కొయ్యలకు గుచ్చి నిలబెట్టారు. కింద ఎడ్లబండ్లలో మూటాముల్లెతో కుటుంబాలు చెరకు తరలిపోతుంటాయి. బండి మీద పిల్లలు, పక్కన నడిచే తల్లులు. సింహాసనం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న సన్హెరీబు ముఖాన్ని మాత్రం ఎవరో ఉలితో చెక్కేశారు. క్రీస్తుపూర్వం 612లో బాబిలోనియన్లు, మాదీయులు నీనెవెను కూల్చినప్పుడు జరిగిన పని కావచ్చని పండితుల ఊహ.

లాకీషుకు రెండు దశాబ్దాల ముందే, క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో, యోనా సొంత రాజ్యం ఇశ్రాయేలు అస్సిరియా చేతిలో నామరూపాల్లేకుండా పోయింది. గ్రంథం ఆ తర్వాత చాలాకాలానికి రాశారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అలాగైతే దాన్ని మొదట విన్నవాళ్లకు నీనెవె అంటే తమ తాతముత్తాతల్ని చెరపట్టిన ఊరు. అలాంటి ఊరు బతకాలని ఏ దేశభక్తుడు కోరుకుంటాడు? యోనా పిరికితనంతో పారిపోలేదు. దేవుడు దయగలవాడని తెలిసే పారిపోయానని నాలుగో అధ్యాయంలో అతనే ఒప్పుకుంటాడు. శత్రువును క్షమించే దేవుడికి సాయం చేయడం ఇష్టంలేక పడమటి ఓడెక్కాడు.

మోసుల్‌కు ఉత్తరాన కొండవాలులో అల్కోష్ అనే ఊరుంది. అక్కడ నహూము ప్రవక్త సమాధిగా చెప్పే కట్టడం ఉంది. నహూము గ్రంథమంతా నీనెవె కూలిపోయే రోజు కోసం ఎదురుచూపే. ఒక జిల్లా అంత దూరంలోనే ఇద్దరు హీబ్రూ ప్రవక్తల గుర్తులున్నాయి. ఒకరు నీనెవె చావును పాడారు. ఇంకొకరు ఇష్టం లేకుండానే నీనెవెను బతికించారు. నీనెవె నేల మీద గుట్టకు నిలిచింది ఆ రెండో మనిషి పేరు.

ఆముదమా, సొరపాదా

కథ చివర్లో యోనా ఊరి బయట తూర్పు దిక్కున పందిరి వేసుకుని, ఏం జరుగుతుందా అని కూర్చుంటాడు. దేవుడు రాత్రికి రాత్రే ఒక మొక్కను మొలిపించి నీడనిస్తాడు. మర్నాడు తెల్లవారేసరికి ఒక పురుగు దాన్ని తొలిచేస్తుంది. ఎండకు, వడగాలికి తాళలేక యోనా చావు కోరుకుంటాడు.

హీబ్రూలో ఆ మొక్క పేరు కికాయోన్. ఆముదం అయ్యుంటుందని చాలామంది నమ్మకం. గ్రీకువాళ్లు సొరజాతి తీగ అన్నారు. నాలుగో శతాబ్దం చివర్లో లాటిన్‌లోకి తెచ్చిన జెరోము దాన్ని ఐవీ తీగగా మార్చాడు. దాంతో ఉత్తరాఫ్రికాలోని ఓయా పట్నంలో, అంటే నేటి ట్రిపోలీలో, గుడిలో చదువుతుంటే జనం అల్లరి చేశారని, బిషప్ చిక్కులో పడ్డాడని అగస్టీను 403లో జెరోముకు ఉత్తరం రాశాడు. చిన్నప్పటినుంచి విన్న మొక్క మారేసరికి జనానికి కోపమొచ్చింది. ఖురాన్‌లో 37వ సూరాలో, అంటే అధ్యాయంలో, యూనుస్‌కు నీడనిచ్చిందీ సొరజాతి తీగే. తెలుగు బైబిల్లోనూ సొరచెట్టే.

ఆముదమే అనుకుంటే ఈ ఘట్టం పాలమూరు, నల్లగొండ రైతులకు ఎవరూ వివరించక్కర్లేదు. చూస్తుండగానే పెరిగి వెడల్పాటి ఆకులు విచ్చే మొక్క అది. దాసరి పురుగు పడితే ఈనెలు తప్ప ఏమీ మిగలని చేలు వాళ్లు చూశారు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్న సామెత మనది. ఆ ఎండలో యోనాకు అదే మహావృక్షం. మొక్క పోయినందుకు ఏడ్చిన మనిషిని దేవుడు అడిగే ప్రశ్నతో గ్రంథం ముగుస్తుంది. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవైవేల మందికి పైగా జనమూ, బోలెడు పశువులూ ఉన్న ఊరి మీద నాకు జాలి ఉండొద్దా అని. దానికి యోనా ఏం చెప్పాడో గ్రంథంలో లేదు.

గుట్ట పొరలు

నబీ యూనుస్ గుట్ట అడుగున ఏసర్హద్దోను భవనం, ఆయుధశాల ఉన్నాయి. పైన ప్రార్థనా స్థలం, ఇళ్లు, సమాధులు ఉండడంతో కుయుంజిక్‌లా దీన్ని తవ్వే వీలు లేకపోయింది. 1850 ప్రాంతంలో లేయర్డ్ ఒక ఉపాయం పన్నాడు. గుట్ట మీద ఒక ఇంటాయన వేసవి ఎండకు నేలమాళిగ తవ్వించుకోవాలనుకుంటున్నాడని తెలిసి, తవ్వకం తానే చేయిస్తాననీ, దొరికిన చెక్కుడు రాళ్లు తనకివ్వమనీ ఒప్పందం చేసుకున్నాడు. అలా ఏసర్హద్దోను శాసనాలు కొన్ని వెలుగు చూశాయి. 1950ల్లో ఇరాక్ పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఈజిప్టు ఫరో తహర్కా విగ్రహాల ముక్కలు దొరికాయి. అవి ఏసర్హద్దోను ఈజిప్టు మీద గెలిచి తెచ్చుకున్న సొత్తు.

సామ్రాజ్యం కూలిన శతాబ్దాల తర్వాత ఈ గుట్ట మీద తూర్పు క్రైస్తవుల మఠం వెలిసింది. దాని పేరూ యోనా మఠమే. ఆ క్రైస్తవ సంఘానికి అధిపతి అయిన పాట్రియార్కు మొదటి హెనానీషోను ఏడో శతాబ్దం చివర్లో ఇక్కడే సమాధి చేశారు. ముస్లింలు ఈ గుట్టను తల్ అత్ తౌబా అన్నారు, అంటే పశ్చాత్తాపపు గుట్ట. 1184లో మోసుల్ వచ్చిన ఆండలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ ఆ పేరునూ, దగ్గర్లోని యూనుస్ ఊటనూ తన యాత్రాగ్రంథంలో రాశాడు. పద్నాలుగో శతాబ్దం నాటికి ఇక్కడ మసీదు ఉంది. యోనా సమాధి ఇక్కడే ఉందని భక్తుల నమ్మకం. గలిలయలోని మష్‌హద్‌లోనూ, హెబ్రోను దగ్గరి హల్హూల్‌లోనూ యోనా సమాధులు చూపిస్తారు. ఏది అసలుదన్న తగువు కన్నా, ఎవరు ఎందుకు కాపాడుకున్నారన్నది ముఖ్యం. మిగతా చోట్ల అతను సొంత మనిషి. ఇక్కడ పరాయివాడు. అయినా అతని వల్లే మా ఊరు బతికిందని నీనెవె నేల మీది జనం అనుకున్నారు.

మూడు మతాల్లో ఆ కృతజ్ఞత కనిపిస్తుంది. యూదులు ఏటా యోమ్ కిప్పూర్ నాడు, ప్రాయశ్చిత్తపు ఉపవాసం మధ్యాహ్నం, సినగాగులో యోనా గ్రంథం మొత్తం చదువుతారు. ఖురాన్‌లో పదో సూరాకు యూనుస్ పేరుంది. జున్నూన్ అన్న బిరుదూ ఆయనదే, అంటే చేపవాడు. తాయిఫ్‌లో జనం రాళ్లు రువ్వినప్పుడు ఒక తోటలో ఆగిన ముహమ్మద్ ప్రవక్తకు అద్దాస్ అనే క్రైస్తవ బానిస ద్రాక్షపండ్లు తెచ్చిచ్చాడనీ, అతనిది నీనెవె అని తెలియగానే ప్రవక్త యూనుస్‌ను తన సోదరుడని చెప్పుకున్నారనీ తొలినాటి జీవితచరిత్రల్లో ఉంది. ఇరాక్‌లోని అస్సిరియన్, కల్దీయ, సిరియాక్ క్రైస్తవులు ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసానికి మూడు వారాల ముందు, సోమవారం నుంచి బుధవారం దాకా, నీనెవె ఉపవాసం పాటిస్తారు. ఆరో శతాబ్దంలో ప్లేగు ప్రబలినప్పుడు ఇది మొదలైందని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. నీనెవె పశ్చాత్తాపాన్ని నీనెవె నేల మీదే, ఆ జనపు వారసులమనుకునేవాళ్లే ఏటా ఆచరిస్తారు.

2014 జూలై 24

2014 జూన్ 10న ఉగ్రవాద సంస్థ ఐసిస్ మోసుల్‌ను పట్టుకుంది. క్రైస్తవుల ఇళ్ల గోడల మీద అరబ్బీ అక్షరం ‘నూన్’ రాశారు. నస్రానీ, అంటే క్రైస్తవుడని గుర్తుపట్టడానికి. మతం మారాలి, లేదా పన్ను కట్టాలి, లేదా ఊరు విడవాలి అని గడువు పెట్టారు. జూలై మూడో వారానికి వేలమంది కట్టుబట్టలతో వెళ్లిపోయారు. జున్నూన్ అన్న బిరుదులో ఉన్నదీ ఆ నూన్ అక్షరమే. దాన్ని వెళ్లగొట్టడానికి గుర్తుగా వాడినవాళ్లు, అది తాము గౌరవించాల్సిన ప్రవక్త పేరులో ఉందన్న సంగతి పట్టించుకోలేదు. కొద్దిరోజులకే, జూలై 24న, మసీదులో ఉన్నవాళ్లను బయటికి పంపి, గోడల చుట్టూ పేలుడు పదార్థాలు పెట్టి నబీ యూనుస్‌ను పేల్చేశారు. సమాధులకు మొక్కడం తప్పని వాళ్ల వాదన.

ఆ దుర్మార్గంలో మనవాళ్లూ బలయ్యారు. మోసుల్‌లో కూలిపనికి వెళ్లిన 39 మంది భారతీయుల్ని ఐసిస్ 2014 జూన్‌లో ఎత్తుకుపోయి చంపేసింది. వాళ్లలో ఎక్కువమంది పంజాబువాళ్లు. శవాలు బదూష్ అనే ఊరి దగ్గర మట్టిదిబ్బ కింద దొరికాయి. ఆ సంగతి 2018 మార్చిలో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ రాజ్యసభలో ప్రకటించేదాకా ఆ కుటుంబాలు ఆశతోనే ఉన్నాయి.

2017 జనవరిలో ఇరాక్ సైన్యం తూర్పు మోసుల్‌ను విడిపించింది. శిథిలాల కింద ఐసిస్ దోపిడీ కోసం తవ్విన సొరంగాలు బయటపడ్డాయి. వాటి గోడల్లో ఏసర్హద్దోను శాసనాలు, రెక్కల ఎద్దుల విగ్రహాలు, స్త్రీమూర్తుల శిల్పాలు. ఇరాకీ నిపుణులతో కలిసి జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం అక్కడ పని చేస్తోంది. నది అవతల యునెస్కో 2018లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద అల్ నూరీ మసీదు, దాని అల్ హద్బా మినార్, చర్చిలు తిరిగి లేచాయి. మినార్‌నూ 2017 జూన్‌లో ఐసిస్సే కూల్చింది. 2021 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ అప్పటికింకా శిథిలాలుగా ఉన్న చర్చిల మధ్య నిలబడి ప్రార్థన చేశారు.

మన ఇళ్లలో యోనా

నీనెవె ఉపవాసం సిరియా సంప్రదాయంతో పాటు కేరళకు చేరింది. అక్కడి సెయింట్ థామస్ క్రైస్తవులు దాన్ని మూన్ను నోంబు అంటారు. కొట్టాయం జిల్లా కురవిలంగాడ్ మర్త్ మరియం చర్చిలో ఆ ఉపవాసపు మంగళవారం చెక్క ఓడను భుజాలకెత్తుకుని ఊరేగిస్తారు. తుపానులో చిక్కినట్టు దాన్ని అటూఇటూ ఊపుతారు. చివరికి యోనాను పడేశాక సముద్రం శాంతించిన ఘట్టం వస్తుంది. మోసుల్‌కు వేల మైళ్ల దూరంలో, దక్షిణ భారతంలో, నీనెవె పండగ ఇలా బతికుంది.

తెలుగునాట యోనా ఆదివారం బడి పిల్లలందరికీ తెలిసిన కథ. దేవుడి మాట వినకపోతే చేప మింగుతుందన్న నీతితో సరిపెట్టేస్తుంటాం. చివరి అధ్యాయం దాకా వెళ్లేవాళ్లు తక్కువ. అసలు విషయం అక్కడే ఉంది. ముస్లిం ఇళ్లలో కష్టమొచ్చినప్పుడు బంధువుల్ని పిలిచి ఆయతె కరీమా చదివిస్తారు. చేప కడుపులో యూనుస్ చేసిన ప్రార్థనే అది. హైదరాబాద్ పాతబస్తీలో, కర్నూలులో, గుంటూరులో ఆ మాటలు వినపడని వాడ ఉండదు. అటు చర్చిలో వినే కథా, ఇటు ఆ ఇంట్లో చదివే ప్రార్థనా ఒకే మనిషివి.

కొడుక్కి యోనా అని పేరు పెట్టే తల్లిదండ్రులు పావురమన్న అర్థంతో ఆగిపోకూడదు. శత్రువు బాగుపడటం చూడలేని మనసుతో పెనుగులాడిన మనిషి పేరది. ఆ పెనుగులాట ఈ రోజు మనందరిదీ. మతం పేరిట ఇల్లిల్లూ గుర్తులు పెట్టే రోజులు ఎక్కడైనా రావచ్చని మోసుల్ చెప్పింది. పరాయివాణ్ని తన ప్రవక్తగా చేసుకుని ఒక గుట్ట వెయ్యేళ్లకు పైగా గుండెల్లో పెట్టుకోవచ్చని కూడా అదే మోసుల్ చెప్పింది. మన వీధిలో ఒక ఇంట్లో యోనా, నాలుగిళ్ల అవతల యూనుస్ ఉంటే వాళ్లిద్దరిదీ ఒకే పేరు. ఆ మాట రెండిళ్ల పిల్లలకూ చెప్పండి.